రికార్డింగు యంత్రమే తొలి ఎలక్ట్రానిక్ వాద్యం

అడిగిన ప్రశ్నను ముందు నా మాటల్లో పెడతాను. తాకకుండా గాలిలో చేతులు ఆడించి వాయించే థెరెమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం 1920 ప్రాంతంలోనే వచ్చింది. కరెంటుతో రకరకాల ధ్వనులు కట్టగలిగే మూగ్ సింథసైజర్ 1964లో వచ్చింది. మధ్యలో నలభై ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్ సంగీతం ఎలా నడిచింది? అందులో రికార్డింగు పరికరాల పని వాయించినదాన్ని దాచిపెట్టడం వరకేనా?

కాదు. దాచిపెట్టడం వాటి పనిలో చిన్న భాగం. ఆ కాలంలో అసలు వాద్యం రికార్డింగు యంత్రమే. కరెంటుతో స్వరం పుట్టించే ఆసిలేటర్లు, ధ్వనిని వడకట్టే ఫిల్టర్లు దానికి ముడిసరుకు అందించేవి, అంతే. రేడియోలో పావు అంగుళం స్పూలు టేపును బ్లేడుతో కోసి అతికించే ఉద్యోగంలో చాలా ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి ఈ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉంది. అది తెలిసే చదవండి.

వాద్యాలే సంగీతాన్ని పుట్టించి ఉంటే 1930 నాటికే పుట్టి ఉండాలి. థెరెమిన్ ఉంది. 1928లో ఫ్రాన్సులో ఓండ్ మార్తనో, 1930లో జర్మనీలో ట్రౌటోనియం వచ్చాయి. మూడూ పూర్తిగా ఎలక్ట్రానిక్ వాద్యాలే. వాటి మీద ఏం వాయించారు? థెరెమిన్ వాయించడంలో సాటిలేని క్లారా రాక్‌మోర్ కచేరీల్లో ఎక్కువగా వినిపించినవి రఖ్మానినోవ్, సెయింట్ సాన్స్ రచనలు. వయొలిన్‌కో గొంతుకో రాసిన పాటలు. వాద్యం కొత్తది, సంగీతం పాతది. స్వరం వెంట స్వరం అప్పటికప్పుడు చేత్తో పలికించాల్సిందే కాబట్టి కరెంటుతో మోగినా చివరికి అది సోలో వాద్యంగానే మిగిలింది.

స్వరకర్త ఎడ్గార్ వరేజ్ సంగతి ఇంకా స్పష్టం. కొత్త ధ్వనులిచ్చే యంత్రాలు కావాలని ఈయన 1920ల నుంచీ అడుగుతూనే ఉన్నాడు. 1934లో ఒక రచనకు, థెరెమిన్‌ను కనిపెట్టి దానికి తన పేరే పెట్టిన లియోన్ థెరెమిన్ తయారుచేసిన వాద్యాలనే వాడుకున్నాడు. అయినా అతని ఎలక్ట్రానిక్ సంగీతం మొదలైంది 1953లో ఒక మిత్రుడు ఆంపెక్స్ టేప్ రికార్డర్ బహుమతిగా ఇచ్చాక. మరుసటి ఏడాదే వాద్యబృందం కొంతసేపు, టేపు కొంతసేపు మోగే ‘డెజర్’ పారిస్‌లో ప్రదర్శనకు వచ్చింది. సభలో సగం మంది ఈలలు వేసి గోల చేశారన్నది వేరే కథ. ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నది ఆయనకు ఏ వాద్యంలోనూ దొరకలేదు. టేప్ రికార్డర్లో దొరికింది.

ఇక మొదటి నుంచి చెబుతాను. మొదలు టేపుతో కాదు, గ్రామఫోన్ ప్లేటుతో.

ప్లేటును వాద్యంగా వాడొచ్చన్న ఊహ 1930లోనే వచ్చింది. బెర్లిన్‌లో హిందెమిత్, టోక్ అనే ఇద్దరు స్వరకర్తలు రికార్డు వేగం మార్చి, గొంతులను హెచ్చించి తగ్గించి చిన్న ప్రదర్శన ఇచ్చారు. 1939లో అమెరికాలోని సియాటిల్‌లో జాన్ కేజ్ అనే స్వరకర్త, పరికరాలను కొలిచి చూడటానికి ఇంజినీర్లు వాడే స్థిరస్వరాల రికార్డులు తెచ్చి, వేగం మార్చగల టర్న్‌టేబుళ్ల మీద తిప్పి ఒక రచన చేశాడు. ఇవి తళుక్కుమని ఆగిపోయిన ప్రయత్నాలు. పట్టుబట్టి దాన్ని ఒక పద్ధతిగా మార్చినవాడు పారిస్‌లో ఫ్రెంచి రేడియోలో పనిచేసిన పియర్ షెఫేర్. ఈయన చదువుకు ఇంజినీరు, స్వరకర్త కాదు. అదే మంచిదైందని నా అభిప్రాయం.

1948లో షెఫేర్ దగ్గర టేపు లేదు. ఉన్నది మెత్తని పూత ఉన్న ప్లేటు మీద ముల్లు అప్పటికప్పుడు గాడి చెక్కుకుంటూ పోయే యంత్రం. మామూలుగా ఆ గాడి చుట్టలు చుట్టుకుంటూ అంచు నుంచి మధ్యకు సాగుతుంది. లోపలికి జరిగే ఏర్పాటు ఆపేస్తే గాడి తిరిగొచ్చి తన తలనే తాకుతుంది. ఆ తర్వాత ముల్లు అక్కడే చిక్కుకుని అదే ధ్వనిని ఎంతసేపైనా తిప్పుతుంది. చెప్పిందే చెప్పేవాళ్లను మనం అరిగిపోయిన రికార్డు అంటామే, ఆ లోపాన్ని ఈయన కావాలని తయారుచేశాడు. మూసిన గాడి అంటారు దీన్ని.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఆ ప్లేట్లు నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. 60ని 78తో భాగిస్తే ఒక చుట్టుకు సుమారు 0.77 సెకను. అంటే మూసిన గాడిలో పట్టే ధ్వని సరిగ్గా అంతే. ఎక్కువ పట్టదు, తక్కువ కుదరదు. రైలు చక్రాల చప్పుడైనా, మాటలో ముక్కైనా, పియానో దెబ్బైనా అదే 0.77 సెకనుకు ఒకసారి తిరిగి వస్తుంది. యంత్రమే ఆవర్తనం నిర్ణయించింది. పారిస్‌లోని బాతిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్లను రికార్డు చేసి ఆయన చేసిన ‘రైళ్ల ఎట్యూడ్’ అనే చిన్న అభ్యాస రచనలో పదేపదే తిరిగే లయల వెనక ఈ చక్రమే ఉంది. ఆ ఎట్యూడ్, దానితోపాటు మరి నాలుగు, 1948 అక్టోబరు 5న రేడియోలో ప్రసారమయ్యాయి. కచేరీ హాలు కాదు, రేడియో. షెఫేర్ సంగీతానికి తొలి శ్రోతలు ఇళ్లలో కూర్చుని విన్నవాళ్లే.

రెండో సంగతి నాకు ఇంకా ఆసక్తికరం. గంట మోగుతుండగా రికార్డు చేసేటప్పుడు, కొట్టిన క్షణంలో శబ్దం మీటను కిందికి దించి, దెబ్బ దాటిపోయాక మెల్లగా పైకి లేపాడు. వినపడింది గంట కాదు, ఊదే వాద్యం లాంటిది. ఒక ధ్వని ఏ వాద్యానిదో చెవి గుర్తుపట్టేది చాలావరకు మొదటి కొద్ది మిల్లీసెకన్లలోనని అలా తేలింది. వీణ రికార్డింగులో మీటు తగిలిన క్షణాన్ని కోసేసి మిగతాది వినండి, సంగీతం తెలిసినవాళ్లు కూడా తడబడతారు. రికార్డింగు లేకుండా ఈ విషయం చెవికి తెలిసే దారే లేదు, ఎందుకంటే దెబ్బ లేని గంటను ప్రకృతిలో ఎవరూ వినలేరు. సింథసైజర్ మీద ఇవాళ ఆరంభం, తగ్గుదల, నిలకడ, విడుపు అని నాలుగు నాబ్‌లు ఉంటాయి కదా, ఆ ఆలోచనకు చాలా ముందే ప్లేటు మీద జరిగిన ప్రయోగం ఇది.

ప్లేట్లతో పని కష్టం. నాలుగు ధ్వనులు కలపాలంటే నాలుగు టర్న్‌టేబుళ్లు ఒకేసారి తిప్పుతూ, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ముల్లు దించుతూ, ఆ కలయికను ఐదో ప్లేటు మీద చెక్కాలి. ఎవరి చెయ్యి తడబడినా ఆ ప్లేటు చెత్తబుట్టకే, దిద్దుబాటు లేదు. 1950లో షెఫేర్, స్వరకర్త పియర్ ఆన్రీ కలిసి చేసిన ‘ఒంటరి మనిషి సింఫనీ’ ఇలా ప్లేట్ల మీదే తయారై, కచేరీలో టర్న్‌టేబుళ్ల మీదే మోగింది. ఆ స్టూడియోకు టేపు వచ్చింది 1951లో.

పారిస్ కన్నా ముందు కైరో ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. 1944లో హలీమ్ అల్-దబ్ అనే ఈజిప్టు యువకుడు రేడియో వాళ్ల తీగ రికార్డర్ అరువు తీసుకుని, దయ్యాలు వదిలించే ‘జార్’ తంతులో ఆడవాళ్ల పాటలు పట్టుకొచ్చాడు. స్టూడియోలో మారుమోత పెంచి, కొన్ని స్వరస్థాయిలను తుడిచేసి కొత్త ధ్వని తయారుచేశాడు. సన్నని ఉక్కు తీగను కోసి అతికించడం మహా తలనొప్పి, ముడి వేయాల్సిందే. అందుకే అతని పని కోతల మీద కాకుండా గది మారుమోతల మీద నడిచింది. సాధనం ఎటు వంగితే సంగీతం అటు వంగింది.

సినిమా రీలు అంచున శబ్దాన్ని వెలుగునీడల గీతగా ముద్రించే పద్ధతి నుంచి ఇంకో పాయ బయలుదేరింది. మైకు అక్కర్లేకుండా ఆ గీతను చేత్తో గీసి మోగించిన వాళ్లు 1930 ప్రాంతంలోనే రష్యాలో, జర్మనీలో ఉన్నారు. తర్వాత కెనడాలో నార్మన్ మెక్‌లారెన్, ఇంగ్లండులో డాఫ్నీ ఓరమ్ ఆ దారిలో వెళ్లారు. చాలా అందమైన ఆలోచనే, కానీ పెద్ద దారి కాలేదు.

పెద్ద దారి టేపు. 1928లో ఫ్రిట్జ్ ఫ్లోయిమర్ అనే జర్మన్ కాగితం మీద ఇనుప పొడి పూసి పేటెంట్ తీసుకున్నాడు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ సంస్థ మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని చూపించింది. 1940లో, రికార్డు చేసే శబ్దానికి చెవికి వినపడని అధిక పౌనఃపున్య కరెంటును తోడుగా కలిపే పద్ధతి పట్టుబడేసరికి టేపు శబ్దం ప్రత్యక్ష ప్రసారంతో పోటీ పడే స్థాయికి వచ్చింది. యుద్ధం ముగిశాక జాక్ ముల్లిన్ అనే అమెరికన్ సైనికాధికారి రెండు యంత్రాలను, కొన్ని స్పూళ్లను ఇంటికి తరలించి 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించాడు. గాయకుడు బింగ్ క్రాస్బీ తన రేడియో కార్యక్రమాన్ని ముందే రికార్డు చేసుకుని హాయిగా ఉండాలనుకుని ఆంపెక్స్ సంస్థకు డబ్బు పెట్టాడు. 1948లో ఆ సంస్థ టేపు యంత్రం ఆంపెక్స్ 200 మార్కెట్లోకి వచ్చింది. అంటే టేపును సంగీత ప్రయోగాల కోసం ఎవరూ తయారుచేయలేదు. రేడియో స్టేషన్ల సౌకర్యం కోసం తయారైంది. తొలి ఎలక్ట్రానిక్ స్టూడియోలు పారిస్, కొలోన్, మిలాన్, టోక్యో, లండన్ నగరాల్లో రేడియో భవనాల్లోనే పుట్టడానికి కారణం ఇదే. పెద్ద ధర పెట్టి ఆ యంత్రాలు కొనగలిగినవాళ్లు, వాటిని బాగుచేయగల ఇంజినీర్లు ఉన్నది అక్కడే.

టేపు తెచ్చిన అసలు మార్పు కాలాన్ని పొడవుగా మార్చడం. సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో నడిచే టేపు మీద ఒక సెకను శబ్దం 38 సెంటీమీటర్లు, అర సెకను 19. నిమిషానికి 120 లెక్కలో కొట్టే తాళంలో పావు దెబ్బ అంటే సుమారు 4.8 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచి కోస్తే చాలు. ఏ మృదంగ విద్వాంసుడూ తనిలో వాయించలేని లయను, పదమూడింట ఏడు వంతులు కావాలన్నా, కత్తిరించి అతికించవచ్చు. చేతివేళ్లకు సాధ్యం కాని సంగీతం ఇలా సాధ్యమైంది.

కోత ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. రెండు స్పూళ్ల మీద రెండు చేతులు పెట్టి, మోటారు లేకుండా, టేపులోని శబ్దాన్ని చదివే ప్లేబ్యాక్ హెడ్ ముందు టేపును అటూ ఇటూ మెల్లగా ఊపుతాం. వేగం లేదు కాబట్టి శబ్దం మూలుగులా వినిపిస్తుంది. ఆ మూలుగులో ‘క’ ఎక్కడ విచ్చుకుంటుందో, శ్వాస ఎక్కడ అయిపోతుందో పట్టుకోవాలి. పట్టుకున్నాక హెడ్‌కు ఎదురుగా టేపు వీపు మీద పసుపు మైనపు పెన్సిలుతో గీత. టేపును అల్యూమినియం బ్లాకు కాలువలో పరిచి, ఏటవాలు చీలికలో బ్లేడు దించాలి. బ్లేడులో అయస్కాంతత్వం చేరితే అతుకు దగ్గర ‘టిక్’ మంటుంది, కాబట్టి దాన్ని తీసేసే పరికరం పక్కనే ఉండాలి. రెండు కొసలూ ఒరుసుకునేలా జరిపి, వీపు వైపు అతుకు టేపు వేసి గోటితో రుద్దాలి. కొసల మధ్య వెంట్రుకంత సందు మిగిలినా చెవికి తెలుస్తుంది. కోసిన ముక్కలకు నంబర్లు రాసి బల్ల అంచుకు వేలాడదీస్తాం. ఫ్యాను వేసినవాడికి అక్షింతలు తప్పవు.

కోసే కోణం కూడా సంగీతమే. పావు అంగుళం టేపును 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే, 38 సెంటీమీటర్ల వేగంలో పాత ధ్వని పోయి కొత్తది రావడానికి సుమారు 16 మిల్లీసెకన్లు పడుతుంది, చెవికి నున్నగా ఉంటుంది. నిలువుగా కోస్తే కొత్త ధ్వని దెబ్బలా తగులుతుంది. పొడవాటి ఏటవాలు కోత పెడితే ధ్వని నీళ్లలోంచి తేలినట్టు వస్తుంది. మేము వార్తల్లో, నాటకాల్లో 45 డిగ్రీలు దాటి పోలేదు. జాన్ కేజ్ పోయాడు. న్యూయార్క్‌లో లూయీ, బేబీ బారన్ దంపతుల స్టూడియోలో తయారైన ‘విలియమ్స్ మిక్స్’కు ఆయన రాసిన స్కోరు నిజానికి టేపు పటం. ఎనిమిది టేపులు, ప్రతి ముక్క ఏ ఆకారంలో కోయాలో అసలు సైజులో గీసి ఉంటుంది. టేపును కాగితం మీద పెట్టి కోయడమే. ఒక పేజీ 20 అంగుళాలు. సెకనుకు 15 అంగుళాల వేగంలో అది సెకనూ మూడో వంతు. నాలుగు నిమిషాల చిల్లర సంగీతానికి 190 పేజీలు దాటిన స్కోరు, నెలల తరబడి కోతలు. సంగీతం వినడానికి బాగుంటుందా అంటే, నాకైతే ఒక్కసారి చాలు. కానీ స్వరలిపి అన్నది చూసి వాయించే కాగితం నుంచి చూసి కోసే కాగితంగా మారడం ఇక్కడ కళ్లకు కడుతుంది.

బారన్ దంపతుల గురించి ఇంకొక్క మాట. ధ్వనుల కోసం వాళ్లు కట్టిన ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు మోగుతూ మోగుతూ కాలిపోయేవి, అదే ధ్వని మళ్లీ రాబట్టడం వాళ్ల వల్ల కూడా అయ్యేది కాదు. అలాంటి దాన్ని కచేరీలో ఎవరు వాడతారు? టేపు నడుస్తుండగా ఒక్కసారి మోగితే చాలు కాబట్టే అది వాద్యమైంది. 1956లో ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమా సంగీతమంతా అలా బతికి చనిపోయిన సర్క్యూట్లదే.

ఇప్పుడు జర్మనీలోని కొలోన్. పుస్తకాల్లో పారిస్, కొలోన్ మధ్య పెద్ద సిద్ధాంత వైరం రాస్తారు. పారిస్ వాళ్లు లోకంలోని చప్పుళ్లు పట్టుకొచ్చారు, కొలోన్ వాళ్లు శుద్ధ విద్యుత్ స్వరాలతోనే కట్టాలన్నారు అని. వైరం నిజమే, కానీ బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే ఇద్దరూ చేసింది ఒకటే పని, టేపు కోయడం. కొలోన్ స్టూడియో 1951లో హెర్బర్ట్ ఐమెర్ట్ చొరవతో రేడియోలో ఏర్పడింది. 1953లో అక్కడికి వచ్చిన స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ అక్కడున్న ఎలక్ట్రానిక్ కీబోర్డులను పక్కన పెట్టి, పరికరాల కొలతలకు వాడే సైన్ ఆసిలేటర్‌ను ఎంచుకున్నాడు. అది ఒకసారి ఒకే స్వరం ఇస్తుంది. ఆ ఒక్క స్వరం మనం శ్రుతిపెట్టె నుంచి ఆశించే నిండుదనంలో నూరో వంతు కూడా లేని చప్పిడి కూత. దాని నుంచి సంగీతం తీయాలంటే టేపు తప్ప దిక్కులేదు.

1954లో చేసిన ‘స్టూడియె 2’ తయారీ విధానం చూడండి. 100 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి 81 పౌనఃపున్యాలు తీసుకున్నాడు. 5:1 నిష్పత్తిని 25 సమాన మెట్లుగా కోసిన స్వరగ్రామం అది, పియానోలో గానీ మన మేళకర్తల్లో గానీ దొరకదు. ఐదేసి స్వరాలు కలిపి ఒక గుచ్ఛం కావాలి. మామూలు పద్ధతిలో ఒకదాని మీదికి ఒకటి కాపీ చేస్తూ పోవాలి. ఆయన అలా చేయలేదు. ఐదు స్వరాలను 4 సెంటీమీటర్ల ముక్కలుగా ఒకదాని పక్కన ఒకటి అతికించి, మారుమోత గదిలో మోగించి, ఆ గదిలో కలగలిసిన మోతను మళ్లీ రికార్డు చేశాడు. స్కోరులో కాలం సెకన్లలో ఉండదు, సెకనుకు 76.2 సెంటీమీటర్ల లెక్కన సెంటీమీటర్లలో ఉంటుంది.

ఆ మారుమోత గది అవసరం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే రొద సంగతి తెలియాలి. ప్రతి టేపులోనూ సన్నగా ‘స్‌స్’ మనే రొద ఉంటుంది. సమానమైన రొద ఉన్న రెండు టేపులు కలిపితే అది మూడు డెసిబెల్లు పెరుగుతుంది, నాలుగైతే ఆరు, ఎనిమిదైతే తొమ్మిది. కలిపినదాన్ని మళ్లీ కాపీ చేస్తే ఇంకొంత. స్వరం మీద స్వరం పేర్చి వాద్యబృందమంత నిండుదనం తేవాలనుకున్నవాడికి నాలుగైదు తరాల కాపీలు దాటేసరికి సంగీతం వెనక వర్షం కురుస్తూ ఉంటుంది. డాల్బీ రొద తగ్గింపు వచ్చింది 1965 తర్వాతే. అప్పటిదాకా స్వరకర్తలు ఎన్ని పొరలు వేయాలో రొదే చెప్పింది. తొలి రచనలు పలచగా, చుక్కలు చుక్కలుగా, మధ్యమధ్య ఖాళీలతో వినిపించడానికి అప్పటి సిద్ధాంతాలు ఒక కారణమైతే, ఇది రెండోది. విమర్శకులు మొదటిదే రాస్తారు. ఖాళీ కావాలంటే అయస్కాంత పూత లేని లీడర్ టేపు ముక్క అతికిస్తారు, అక్కడ రొద కూడా ఆగిపోతుంది. తొలి రికార్డింగుల్లో నిశ్శబ్దం అంత కరుకుగా ఉండటం మీరు గమనించే ఉంటారు.

వేగం గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. టేపును రెట్టింపు వేగంతో తిప్పితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది, నిడివి సగమవుతుంది. మధ్యస్థాయి షడ్జం తారస్థాయికి పోతుంది, కానీ అంతే వేగంగా అయిపోతుంది. రెండింటినీ విడదీయడానికి ష్ప్రింగర్ అనే ఆయన తిరిగే హెడ్‌లతో యంత్రం కట్టాడు. పారిస్‌లో కీబోర్డు నొక్కితే టేపు లూపు (కొసలు కలిపి అతికించిన టేపు చుట్ట) వేగం మారే ఫోనోజెన్ అనే యంత్రం చేసుకున్నారు. మిగిలిన చోట్ల శ్రుతి, కాలం ముడిపడే ఉన్నాయి. ఆ ముడిని లోపంగా కాక సూత్రంగా చూసినవాడు మళ్లీ స్టాక్‌హౌజెనే. సెకనుకు రెండుమూడు ‘టక్’లు ఉంటే లయ. టేపు వేగం పెంచుకుంటూ పోతే అవే టక్‌లు ఒకచోట కలిసి స్వరమైపోతాయి. లయ, శ్రుతి ఒకే వస్తువుకు రెండు వేగాలు. 1958 నుంచి 1960 దాకా చేసిన ‘కొంటాక్టె’లో సుమారు 17వ నిమిషం దగ్గర ఒక స్వరం జారుతూ జారుతూ దిగివచ్చి విడివిడి దెబ్బలుగా రాలిపోవడం వినండి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా నాకు ఒళ్లు గగుర్పొడిచే చోటు అది. అదే రచనలో ధ్వని మన చుట్టూ తిరగడానికి, తిరిగే బల్ల మీద స్పీకరు పెట్టి చేత్తో తిప్పుతూ, చుట్టూ నాలుగు మైకులతో నాలుగు ట్రాకుల మీద పట్టారు.

ఈ పద్ధతులన్నీ సామాన్య శ్రోత ఇంట్లోకి తెచ్చింది లండన్‌లోని బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్. 1958లో మొదలైంది, పని రేడియో నాటకాలకు, టీవీకి ధ్వనులు ఇవ్వడం. 1963లో ‘డాక్టర్ హూ’ ధారావాహికకు రాన్ గ్రైనర్ ఒక కాగితం మీద బాణీ రాసి ఇచ్చాడు. దాన్ని ధ్వనిగా చేసింది డెలియా డార్బిషైర్, సహాయం డిక్ మిల్స్. సింథసైజర్ లేదు, బహుళ ట్రాకుల యంత్రమూ లేదు. ఆ ఉరకలు వేసే కింది స్థాయి వరస ఉంది కదా, అది ఒకే ఒక తీగను ఒకసారి మీటి రికార్డు చేసినది. ఆ మీటును వేర్వేరు వేగాల్లో కాపీ చేసి ఒక్కో స్వరం రాబట్టి, కొలిచి కోసి, ఒక్కొక్కటే అతికించారు. పైన ఊళ పెట్టినట్టుండే రాగం ఆసిలేటర్ నాబ్‌ను చేత్తో తిప్పినది. ఒక్కో వరసకు ఒక్కో టేపు. ఆ యంత్రాలను ఒకేసారి నొక్కి, కలిసి నడుస్తాయని ఆశపడి మరో యంత్రం మీదికి కలిపారు. ఎక్కడో ఒక స్వరం తప్పు పడితే టేపులను పొడవాటి వరండాలో పక్కపక్కన పరిచి, అతుకులు పోల్చుకుంటూ తప్పు వెతికారని మిల్స్ చెప్పేవారు. శబ్దాన్ని నడుస్తూ కంటితో వెతకడం టేపు ఉన్నచోటే సాధ్యం. బాణీ గ్రైనర్‌ది, నిజమే. పేరూ ఆయనకే దక్కింది, డార్బిషైర్ పేరు తెర మీదికి రావడానికి 2013 దాకా పట్టింది. నా దృష్టిలో ఆ సంగీతానికి ఆమె సహ స్వరకర్త, అందులో రెండో మాట లేదు.

హెడ్‌ల మధ్య దూరం ఇంకో వాద్యం. రికార్డు హెడ్ దాటిన అయిదు సెంటీమీటర్లకు ప్లేబ్యాక్ హెడ్ ఉంటే, సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంలో పావు సెకను తర్వాత అదే శబ్దం వినిపిస్తుంది. దాన్ని వెనక్కి పంపితే ప్రతిధ్వనుల వరస. 1952 అక్టోబరులో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో లూనింగ్, ఉసచెవ్‌స్కీ అనే స్వరకర్తలు వినిపించిన వేణువు, పియానో ధ్వనులు ఈ చిట్కాతోనే విస్తరించాయి. ఒకే టేపును రెండు యంత్రాల మీదుగా లాగితే దూరం మీటర్లలోకి పోతుంది, ప్రతిధ్వని సెకన్ల తర్వాత వస్తుంది. అమెరికా పశ్చిమ తీరంలో స్వరకర్తలు టెరీ రైలీ, పాలీన్ ఆలివెరోస్ దీని మీదే బతికారు. 1965లో స్టీవ్ రైష్ అనే స్వరకర్త ఒక వీధి బోధకుడి మాటల ముక్కను రెండు లూపులుగా చేసి రెండు యంత్రాల మీద కలిపి నడపబోతే, అవి వెంట్రుకవాసి వేగం తేడాతో జారుకోవడం మొదలుపెట్టాయి. నాలాంటి ఇంజినీరైతే మెకానిక్‌ను పిలుస్తాడు. ఆయన దాన్నుంచి ఒక సంగీత శైలిని తీశాడు.

సింథసైజర్ వచ్చాక టేపు పని అయిపోయిందా? అందరూ సింథసైజర్ విజయంగా చెప్పుకొనే 1968 నాటి ఆల్బమ్, వెండీ కార్లోస్ మూగ్ మీద వాయించిన బాఖ్ రచనలే చూడండి. అప్పటి మూగ్ ఒకసారి ఒకే స్వరం పలికేది. బాఖ్‌కు మూడు నాలుగు వరసలు ఒకేసారి కావాలి. ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం మీద ఒక్కో వరస విడిగా, ఒక్కోసారి కొద్ది స్వరాలు చొప్పున వాయించి పేర్చారు. టేపు లేకపోతే ఆ ఆల్బమే లేదు.

మన దేశంలోకి మూగ్ వచ్చిందీ ఆ రోజుల్లోనే. 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్‌తో, టేపు యంత్రాలతో స్టూడియో ఏర్పాటు చేశాడు. జాన్ కేజ్‌కు 1946లో భారతీయ సంగీతం పరిచయం చేసిన గీతా సారాభాయ్ అందులో పనిచేసినవాళ్లలో ఒకరు. ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జినరాజ్ జోషిపురా కూడా. స్టూడియో 1972 ప్రాంతంలో ఆగిపోయింది, దశాబ్దాల పాటు దాని ఊసే లేదు. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు ఆ సంస్థ భాండాగారంలో స్పూళ్లు వెతికి తీయడంతో 2023లో ఆల్బమ్‌గా బయటికి వచ్చాయి. కొన్నింటిలో యంత్రం ధ్వనులు, మన రాగాల నడక ఒకదాన్నొకటి తడుముకోవడం వినిపిస్తుంది.

వినడానికి ఏ వరసలో మొదలుపెట్టాలని కూడా అడిగారు. ముందు షెఫేర్ రైళ్ల ఎట్యూడ్ వినండి, మూడు నిమిషాలు కూడా పట్టదు. తర్వాత ‘డాక్టర్ హూ’ 1963 నాటి తొలి రూపం వినండి, తర్వాతి దశాబ్దాల్లో చేసిన మెరుగులు కావు. ఆ పైన ‘స్టూడియె 2’, అటు తర్వాత బాలుడి గొంతును, విద్యుత్ స్వరాలను ఒకే బట్టలో నేసిన 1956 నాటి స్టాక్‌హౌజెన్ రచన ‘గెజాంగ్ డెర్ యూంగ్లింగె’. ‘కొంటాక్టె’ చివరికి పెట్టుకోండి, టేపు మాత్రమే ఉన్న రూపం వెతకండి, పియానో, తాళవాద్యాలు కలిసిన రూపం వేరే. చివరి రెండూ రెండు స్పీకర్లకు మించి చేసినవి. ఇంట్లో వినేది రెండు చానెళ్లకు కుదించిన రూపం కాబట్టి ఫోను స్పీకరు మీద పెట్టి తీర్పు చెప్పకండి.

స్వయంగా చేసి చూడాలనుకుంటే కంప్యూటర్‌లో ఏ ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేరైనా చాలు. మూడు నిబంధనలు పెట్టుకోండి: వేగం మారిస్తే శ్రుతి కూడా మారే ఎంపికే వాడాలి, ఒకసారి కలిపిన ట్రాకులను మళ్లీ విడదీయకూడదు, వెనక్కి తీసుకునే బటన్ ముట్టుకోకూడదు. ముడిసరుకుగా మీ వంటింటి స్టీలు గిన్నె దెబ్బ ఒక్కటి చాలు. దాన్ని సగం వేగానికి, పావు వేగానికి దించి, దెబ్బ తగిలిన క్షణం ఉంచి ఒకసారి, కోసేసి ఒకసారి వినండి. తయారైనదాన్ని ఇక్కడ పెడితే ఏ కోత ఎక్కడ మెరుగుపడాలో చెబుతాను.